"పాపం" ఎప్పుడు తప్పు, ఎప్పుడు జాలి?

అక్షరమాల (ప్రశ్న)

తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న పెద్దవాళ్ల కోసం పాఠాలు తయారుచేస్తున్నాను. "పాపం" అన్న మాట దగ్గర చిక్కు వచ్చింది. నిఘంటువు తెరిస్తే మొదట కనిపించేది "చేయరాని పని, దానివల్ల అంటే దోషం" అన్న అర్థం. నలుగురు మాట్లాడుకునే చోట చెవి పెడితే మాత్రం "పాపం, జ్వరమట", "అయ్యో పాపం, పడిపోయింది", "పాపం ఆయనకేం తెలుసు" లాంటివే ఎక్కువ. వీటిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

వాక్యంలో పాపం కనబడితే అది ఏ పాపమో ఎలా తేల్చుకోవాలి? జాలికి ఈ మాటే ఎందుకు వచ్చింది? తప్పు, నేరం, దోషం, పాతకం ఇన్ని ఉండగా పాపం ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు? "పలకరించిన పాపాన పోలేదు" అంటే పలకరించడం పాపమనా? "సందర్భాన్ని బట్టి తెలుస్తుంది" అని చెప్పి పక్కకు తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పాఠంలో పెట్టదగిన గుర్తులు కావాలి.

నుడికారం

సందర్భం దాకా వెళ్లక్కర్లేదండి, చాలావరకు వ్యాకరణమే తేల్చేస్తుంది.

చేసిన పాపం నామవాచకం. దానికి విభక్తులన్నీ చేరతాయి: పాపాన్ని, పాపంతో, పాపానికి, పాపంలో. బహువచనం ఉంది: పాపాలు. ముందు విశేషణం పెట్టవచ్చు: ఘోరమైన పాపం, తెలియక చేసిన పాపం. జాలి పాపం అవ్యయం. "అయ్యో", "అబ్బా" లాగా అది మారదు, దేనికీ అతుక్కోదు. ముగ్గురు పిల్లలు వర్షంలో తడిసినా "పాపం, తడిసిపోయారు" అంటామే గాని "పాపాలు, తడిసిపోయారు" అనం. కాబట్టి పాపం మీద ప్రత్యయం కనబడితే అది చేసిన పాపమే. ఒక్క "అని" మాత్రం రెండింటితోనూ కలుస్తుంది: పాపమని.

రెండో గుర్తు చోటు. జాలి పాపం వాక్యంలో ఎక్కడైనా కూర్చుంటుంది. "పాపం వాడు రాలేకపోయాడు", "వాడు పాపం రాలేకపోయాడు", "వాడు రాలేకపోయాడు పాపం" మూడూ సహజమే, అర్థం మారదు. చేసిన పాపాన్ని అలా కదిపితే వాక్యం చెడుతుంది. జాలి పాపాన్ని పూర్తిగా తీసేసినా వాక్యం నిలబడుతుంది. పోయేది మాట్లాడేవాడి మనసు ఒక్కటే.

మూడో గుర్తు క్రియ, ఇదే అన్నిటికన్నా పనికొస్తుంది. "పాపం వచ్చాడు", "పాపం వచ్చారు" అన్నప్పుడు క్రియ "-డు", "-రు"తో ముగిసింది, కనుక పాపం కర్త కాలేదు. కచ్చితంగా జాలే. క్రియ "-ది"తో ముగిస్తేనే తిరకాసు, ఎందుకంటే తెలుగులో స్త్రీకి, వస్తువుకు, పాపానికి కూడా ఏకవచనంలో అదే ముగింపు. అందుకే ఈ జంటలు:

పాపం తగిలింది. (చేసిన పాపం ఊరికే పోలేదు)
పాపం, తగిలింది. (ఆమెకు దెబ్బ తగిలింది)

పాపం పోయింది. (పాపం తొలగింది)
పాపం, పోయింది. (ఆమె చనిపోయింది)

కర్తను చెప్పకుండా వదిలేసినప్పుడే ఈ అయోమయం. "పాపం, పిల్లకి తగిలింది" అంటే సందేహం ఉండదు. పాఠంలో మొదటి నియమంగా ఇదే పెట్టండి: జాలి పాపం తర్వాత ఎవరి గురించో ఆ మాట చెప్పాలి. పిల్ల, అవ్వ, కుక్క, చెట్టు, ఎవరైనా ఏదైనా సరే.

అయోమయానికి ఇంకొక చోటు కర్మస్థానం. "పాపం చేశాడు" అంటే తప్పు పని చేశాడని. అదే "ఈ పనంతా ఎవరు చేశారు?" అన్నదానికి జవాబుగా "పాపం, చేశాడు" అంటే వాడు కష్టపడి చేశాడని. చేయు, కడుగు, మోయు, పంచు వంటి కర్మ కోరే క్రియలతో ఇది వస్తుంది. "పాపం మోశాడు" అన్నప్పుడు మోసింది పాపాన్నా, బస్తాలనా? రాతలో కామా తేలుస్తుంది. మాటలో అయితే జాలి పాపం కాస్త సాగుతుంది, దాని తర్వాత చిన్న విరామం వస్తుంది. చేసిన పాపం క్రియతో కలిసి ఒకే ఊపిరిలో వెళ్తుంది. నేర్చుకునేవాళ్ల చేత ఈ జంటలను గట్టిగా చదివించండి. కంటికన్నా చెవికి ముందు పట్టుబడుతుంది.

మూలధాతువు

జాలి అర్థం ఎలా వచ్చిందన్నదానికి వస్తాను.

పాపం సంస్కృతం నుంచి వచ్చిన తత్సమం. సంస్కృతంలో "పాప" నామవాచకమే కాదు, "చెడ్డ, అశుభమైన" అన్న అర్థంలో విశేషణం కూడా. ఆ విశేషణం తెలుగులో ఒక మూల ఇప్పటికీ బతికే ఉంది: జ్యోతిషంలో పాపగ్రహాలు. శని, కుజుడు, రాహువు, కేతువు పాపం చేసిన గ్రహాలు కావు, అశుభ ఫలమిచ్చేవిగా లెక్కించినవి. వాటికి ఎదురు నిలిచే మాట పుణ్యగ్రహాలు కాదు, శుభగ్రహాలు. ఒక్క ఎదురుమాట చూస్తే చాలు, అక్కడ పాప అంటే ఏమిటో తెలిసిపోతుంది.

జాలి అర్థం మాత్రం సంస్కృతం ఇచ్చింది కాదు, దక్షిణాది భాషల్లో పెరిగింది. కన్నడంలో "పాప" అంటే రెండు అర్థాలూ ఉన్నాయి. తమిళంలో "పావం" కూడా అంతే. మలయాళంలో మాట రెండుగా చీలింది: చేసినది "పాపం", జాలిపడదగిన మనిషి, సాధువు "పావం". మనకున్న చిక్కు వాళ్లకు లేదు. ఉత్తరాదికి వెళ్తే హిందీలో ఆ చోట "బేచారా" ఉంది. అది ఫారసీ మాట, దారీతెన్నూ లేనివాడని అర్థం. హిందీ పాప్‌కు జాలి తెలియదు.

అర్థం మారిన దారి నాకు ఒక్క వాక్యంలో కనిపిస్తుంది: "పాపమని వదిలేశాడు." దీన్ని "కొట్టడం పాపమని ఎంచి వదిలేశాడు" అని చదవవచ్చు, "జాలిపడి వదిలేశాడు" అని కూడా చదవవచ్చు. బలహీనుణ్ణి బాధపెడితే పాపం అన్న తలపు, బలహీనుణ్ణి చూసి కరిగిన మనసు ఒకే చోట కలిశాయి. మొదట "అలా చేయడం పాపం" అన్న పూర్తి మాట ఉండి, రానురాను ముందు భాగం రాలిపోయి ఆఖరి మాట మిగిలి ఉంటుంది. "పాపమని పాత చీర ఇస్తే గోడ చాటుకు వెళ్లి మూర వేసిందట" అన్న సామెతలో ఇక మొదటి అర్థం ఆనవాలు కూడా లేదు. అది శుద్ధమైన జాలి.

ఇంకో వాదం ఉంది. బాధపడేవాడు తన పూర్వజన్మ పాపం వల్లే బాధపడుతున్నాడు, కనుక వాణ్ణి చూసి "పాపం" అంటాం అని. నాకు ఇది నచ్చదు. అదే నిజమైతే ఆ మాటలో ఎక్కడో నింద ఉండాలి. "పాపం, పసిపిల్ల" అన్నప్పుడు నింద నీడైనా లేదు.

తాళపత్రం

మూలధాతువు గారూ, రెండో వాదాన్ని అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. "ఏ జన్మలో ఏం పాపం చేశాడో, ఇలా అనుభవిస్తున్నాడు" అన్న మాట జాలితోనే అంటాం, నిందతో కాదు. కర్మ ఫలం అన్న ఊహ, జాలి పక్కపక్కనే నడవగలవు.

అయినా పాఠం రాసేవారికి పనికొచ్చే సంగతి ఇందులో ఒకటి ఉంది. ఎదుటివాడి కష్టానికి అవ్యయం వాడతాం: "పాపం, ఎంత కష్టం వచ్చింది." మన కష్టానికి అది వాడం. "పాపం నేను" అంటే గారాబం పోతున్నట్టో, పరాచికమో అవుతుంది. మన విషయంలో నామవాచకానికి మళ్లుతాం: "ఏం పాపం చేశానో, నాకీ తిప్పలు." జాలి ఇతరులకు, పాపం మనకు.

మూలధాతువు

ఆ తేడా బాగా పట్టుకున్నారు, ఒప్పుకుంటాను. మాట పుట్టుక విషయంలో మాత్రం "పాపమని" వైపే ఉంటాను.

ఇంకొకటి చేర్చాలి. పాప (చిన్న పిల్ల, కంటిపాప) వేరే మాట, ద్రావిడ మూలానిది. దానికీ పాపానికీ చుట్టరికం లేదు. పాత కావ్యాల్లో "పాపఱేడు" కనబడితే అది పాపాల రాజు అనుకోవద్దు. అక్కడ "పాప" పాముకు మారురూపం, పాపఱేడు అంటే ఆదిశేషుడు.

తూకం

తప్పు, నేరం, దోషం, పాపం మధ్య తేడాను నిర్వచనాలతో చెబితే నేర్చుకునేవాళ్లకు గుర్తుండదు. ఏ మాట ఏ క్రియతో జత కడుతుందో చూపించండి, తేడా దానంతటదే బయటపడుతుంది.

తప్పు చేస్తాం, ఒప్పుకుంటాం, దిద్దుకుంటాం. నేరం మోపుతారు, రుజువు చేస్తారు, అంగీకరిస్తాం. దోషం పడుతుంది, దాన్ని ఎత్తి చూపుతారు, సవరిస్తారు, పరిహరిస్తారు. పొరపాటు జరుగుతుంది, పొరపాటు పడతాం. పాపం చేస్తాం, మూటగట్టుకుంటాం, అది తగులుతుంది, అంటుకుంటుంది, చుట్టుకుంటుంది, పండుతుంది, దాన్ని కడుక్కుంటాం. వీటిని తారుమారు చేసి చూడండి. "పాపం దిద్దుకున్నాడు", "అతనిపై పాపం మోపారు", "నేరం పండింది", ఏదీ అతకదు. తప్పు కాగితం మీది గీతలాంటిది, దిద్దవచ్చు. నేరం ఒకరు మోపేది. పాపం మాత్రం ఒంటికి అంటే మురికి, తలకెక్కే బరువు. తెలుగువాడి ఊహలో పాపానికి ఉన్న రూపం ఈ క్రియల్లోనే ఉంది.

విరుగుడు మాటలు కూడా అలాగే వేరు. తప్పుకు క్షమాపణ, నేరానికి శిక్ష, దోషానికి పరిహారం, పాపానికి ప్రాయశ్చిత్తం లేదా నిష్కృతి.

లెక్క అడిగేది ఎవరన్నది ఇంకో కొలత. నేరానికి చట్టం అడుగుతుంది. తప్పుకు ఇంట్లో పెద్దలు, బడిలో పంతులు, పక్కవాళ్లు ఎవరైనా అడగవచ్చు. పాపానికి దేవుడో, మనస్సాక్షో అడగాలి. అందుకే ఒకే పని మూడూ కావచ్చు, ఒకటే కావచ్చు. దాహమని వచ్చినవాడికి నీళ్లుండీ లేవనడం నేరం కాదు, పాపం. ఎర్రదీపం వెలిగినా ఖాళీ దారిలో బండి దాటించడం నేరమే, దాన్ని ఎవరూ పాపం అనరు. లెక్కలో కూడిక తేడా వస్తే అది తప్పు, పొరపాటు. అక్కడ పాపం అన్నా నేరం అన్నా నవ్వుతారు.

దోషం దగ్గర ఒక మెలిక ఉంది. మాట మెత్తనిదే: అచ్చుదోషం, దృష్టిదోషం, ఉచ్చారణ దోషం. మనిషిని చెప్పే "దోషి" మాత్రం కోర్టు మాట. "నిందితుడు" అంటే ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు, "దోషి" అంటే నేరం చేశాడని తీర్పు వచ్చినవాడు. ఈ రెంటినీ కలిపేస్తే వార్త రాసేవాడు ఇబ్బందుల్లో పడతాడు. "పాపి"కి చట్టంతో పని లేదు.

పాతకం విషయానికొస్తే, చూడ్డానికి పాపం లాగే ఉంటుంది గానీ ధాతువు వేరు. "పత్" అంటే పడు. పతనం చేసేది పాతకం. ధర్మశాస్త్రాలు ఐదింటిని మహాపాతకాలన్నాయి: బ్రహ్మహత్య, సురాపానం, బంగారం దొంగతనం, గురుపత్నీ గమనం, ఈ నాలుగూ చేసినవాళ్లతో సావాసం. ఐదోది గమనించండి, చేసినవాడితో తిరగడమే పాతకం. రోజువారీ మాటలో పాతకం అంటే పాపం కన్నా ఒక మెట్టు బరువైనది. "ఆ పాతకం నాకొద్దు" అన్నవాడు "ఆ పాపం నాకొద్దు" అన్నవాడికన్నా ఎక్కువ భయపడుతున్నాడని అర్థం. కల్మషం, దురితం, అఘం, కిల్బిషం లాంటివి పద్యాలకు, స్తోత్రాలకు. అమరకోశం పాపానికి 12 పేర్లు చెబుతుంది. మొదటి మెట్టు పాఠంలో వాటిలో పాపం ఒక్కటి చాలు. కల్మషం మాత్రం "కల్మషం లేని మనసు" అన్న జతలో నేర్పవచ్చు.

అపచారం కూడా ఉండాలి. దేవుడి పట్ల, పూజ్యుల పట్ల మర్యాద తప్పితే అపచారం. సాటివాడి పట్ల చేస్తే అది అపచారం కాదు, అమర్యాద.

అక్షరమాల

క్రియల జతలు చూపించే పద్ధతి అలాగే తీసుకుంటాను, ధన్యవాదాలు. "పాపాన పోలేదు" గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. "నమ్మిన పాపానికి" కూడా అదే కోవా?

నుడికారం

రెండూ అక్కాచెల్లెళ్లే గాని పని వేరు.

"పలకరించిన పాపాన పోలేదు." నిర్మాణం ఇది: భూతకాల విశేషణ రూపం (పలకరించిన, చూసిన, అడిగిన, తొంగిచూసిన), దాని మీద "పాపాన", ఆ తర్వాత "పోలేదు". పోలేదు అన్న వ్యతిరేక క్రియ తప్పనిసరి. "పలకరించిన పాపాన పోయాడు" అనరు. అర్థం "ఒక్కసారైనా పలకరించలేదు" అని. పలకరించడం ఏదో పాపమైనట్టు దాని జోలికే పోలేదన్న ఎత్తిపొడుపు ఇందులో ఉంది. కాబట్టి చేయవలసిన పని చేయనప్పుడే ఇది నప్పుతుంది. "దొంగతనం చేసిన పాపాన పోలేదు" అంటే మాట విరిగిపోతుంది, ఎందుకంటే దొంగతనం చేయవలసిన పని కాదు. నేర్చుకునేవాళ్లు పొరపడేది ఇక్కడే.

"నమ్మిన పాపానికి", "అడిగిన పాపానికి", "పుట్టిన పాపానికి": ఇక్కడ కూడా భూతకాల విశేషణమే, కానీ "-కి" చేరింది. మంచి పనో మామూలు పనో చేస్తే శిక్ష పడ్డట్టు అయిందని ఫిర్యాదు. "దారి అడిగిన పాపానికి గంట ఉపన్యాసం విన్నాను." దీనికి వ్యతిరేక క్రియ అక్కర్లేదు. తర్వాత వచ్చే వాక్యంలో ఆ "శిక్ష" ఉండి తీరాలి, లేకపోతే వినేవాడు ఎదురుచూస్తూ ఉండిపోతాడు.

మిగతా నుడికారాల్లో "పాపం పండింది" ముఖ్యం. పండడం అన్న క్రియ తెలుగులో రెండు పక్కలకూ పోతుంది. "పంట పండింది" అంటే అదృష్టం కలిసొచ్చింది, "పాపం పండింది" అంటే చేసినవన్నీ కలిసి మీద పడే రోజు వచ్చింది. తనకు తాను ఎవరూ అనుకోరు, ఎదుటివాడి గురించే అంటారు. తెరవెనక సాగినది బయటపడ్డప్పుడు, తప్పించుకు తిరిగినవాడు దొరికినప్పుడు వాడతారు.

"తిలా పాపం తలా పిడికెడు": తిల అంటే నువ్వులు. నింద ఒక్కడిది కాదు, అందరికీ కొంత కొంత ఉందని. "పాపాల భైరవుడు": ఏది జరిగినా నింద ఎవరి మీద పడుతుందో అతను. కాలభైరవుడికి పాపభక్షణుడు అన్న పేరుంది. నుడికారం ఆ పేరు వెనకాలే వచ్చిందని నా ఊహ. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు: మొదటిదాంట్లో నింద పంచుకుంటారు, రెండోదాంట్లో ఒక్కడి నెత్తిన రుద్దుతారు.

"చేసిన పాపం చెబితే పోతుంది", "పుణ్యానికి పోతే పాపం ఎదురైంది" సామెతలు. రెండోదాన్ని నేర్పేటప్పుడు జాగ్రత్త. "పుణ్యానికి" అన్న మాట విడిగా వస్తే ఊరికే, ఉచితంగా అన్న అర్థం కూడా ఉంది: "పుణ్యానికి వచ్చిందని తీసుకున్నాడు." అలాగే "వాన పుణ్యమా అని సెలవు దొరికింది" అంటాం గాని "వాన పాపమా అని" అనం. పాపపుణ్యాలు జంట మాటలే అయినా నుడికారాల్లో ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

"ఉసురు తగులుతుంది"ని పాపంతో కలిపేయకండి. పాపం పని నుంచి తగులుతుంది, చూసినవాడు లేకపోయినా తగులుతుంది. ఉసురు బాధపడ్డ మనిషి నిట్టూర్పు నుంచి తగులుతుంది. మనిషి లేనిదే ఉసురు లేదు.

తాళపత్రం

మతగ్రంథాల తెలుగు కూడా పాఠంలో పెడితే బాగుంటుంది, ఎందుకంటే అక్కడ పాపం వాడుక మన రోజువారీ వాడుకకన్నా ఇరుకు, నిక్కచ్చి.

తెలుగు బైబిల్లో రూపం "పాపము", ము పోదు. జాలి అర్థం అక్కడ ఎదురుకాదు. గ్రీకులో ఆ చోట ఉన్న మాట "హమార్తియా". ఆ క్రియకు మూలార్థం గురి తప్పడం. హీబ్రూ మాట వెనకా అదే బొమ్మ, అరబీలోని "ఖతీఅ" కూడా ఆ ధాతువు నుంచే. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది: మన "తప్పు" కూడా అదే కదా! గురి తప్పింది, దారి తప్పింది, అడుగు తప్పింది. నామవాచకం, క్రియ ఒకే మాట. బొమ్మ పోలిక చూసుకుంటే హమార్తియాకు దగ్గరి తెలుగు మాట తప్పు. అయినా అనువాదకులు పాపం ఎంచుకున్నారు. "తప్పు" లెక్కల పుస్తకంలోనూ ఉంటుంది, దేవుడి ముందు చెప్పాల్సినదానికి ఆ బరువు చాలదు. ఆ ఎంపిక సరైనదే అనిపిస్తుంది.

అదే గ్రంథంలో ప్రభువు ప్రార్థన రెండు చోట్ల వస్తుంది. మత్తయి సువార్తలో క్షమించమని అడిగేది "ఋణములు", లూకా సువార్తలో "పాపములు". పొరపాటు కాదు, మూలంలోనే మాటలు వేరు. పాపాన్ని అప్పుగా చూడడం ఒక ఊహ, గురి తప్పడంగా చూడడం ఇంకొకటి. తూకం గారు చెప్పిన మురికి, బరువు మన ఊహ.

ఉర్దూ మాట్లాడే ముస్లింలు "గునాహ్" అంటారు. తెలుగులో రాసేటప్పుడు పాపం అనే రాస్తారు. పెద్ద పాపాలు (కబీరా), చిన్న పాపాలు (సగీరా) అన్న విభజన ఉంది. విరుగుడు "తౌబా", అంటే వెనక్కి మళ్లడం. దాన్ని ప్రాయశ్చిత్తం అని అనువదిస్తే పూర్తిగా కుదరదు. పశ్చాత్తాపం దగ్గర. ప్రాయశ్చిత్తం చేసే పని, పశ్చాత్తాపం మనసు కాలడం.

నాటకాల్లో వినిపించే "పాపము శమించుగాక" సంస్కృత నాటకాల "శాంతం పాపం"కు తెలుగు. వినకూడని మాట చెవిన పడ్డప్పుడు అంటారు. మామూలు సంభాషణలో రాస్తే కృతకంగా ఉంటుంది. అక్కడ "ఛ, అవేం మాటలు!" చాలు.

తూకం

జాలి పాపాన్ని ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి, ఎందుకంటే వ్యాకరణం సరిగ్గా ఉన్నా మనిషి నొచ్చుకునే చోటు ఇదే.

సంతాప సందేశంలో పాపం రాయకూడదు. "పాపం, మీ నాన్నగారు పోయారట" అని పక్కవాళ్లతో అనుకోవచ్చు, కొడుకుకు రాయకూడదు. ఎందుకంటే జాలి పాపం సాధారణంగా మూడో మనిషి గురించి, అతను వినని చోట అనే మాట. ముఖం మీద అంటే పైనుంచి కిందికి చూసినట్టవుతుంది. ఒంట్లో లోపం ఉన్నవాళ్ల ఎదుట అస్సలు అనకూడదు. చిన్నపిల్లల్ని ఓదార్చేటప్పుడు, దగ్గరివాళ్ల అలసట చూసి "పాపం, పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు" అనేటప్పుడు పరవాలేదు. అక్కడ చనువు ఆ ఎత్తును తగ్గిస్తుంది. వార్తల్లో కూడా వద్దు, అది రాసేవాడి మనసు, సమాచారం కాదు.

ఎత్తిపొడుపును గుర్తుపట్టడం నేర్పండి. "పాపం, ఏమీ ఎరగనట్టు!", "పాపం, ఎంత అమాయకుడో మరి!" అన్నప్పుడు జాలి లేదు. వాక్యంలో "-నట్టు", "మరి", "కదా" లాంటివి ఉండి, చెప్పిన సంగతి అబద్ధమని ఇద్దరికీ తెలిసి ఉంటే అది ఎత్తిపొడుపే.

తమిళం తెలిసిన విద్యార్థులు "వాడు చాలా పాపం" అంటారు, తమిళంలో ఆ నిర్మాణం నిక్షేపంలా ఉంది కనుక. తెలుగులో "చాలా పాపం" అంటే పెద్ద పాపం అని వినబడే ప్రమాదం ఉంది. "వాణ్ణి చూస్తే పాపమనిపిస్తుంది" అని దిద్దండి.

ప్రూఫురీడరు

రాతలో వచ్చే తప్పులు కొన్ని, దొర్లే చోట్లతో సహా.

పాపలు, పాపాలు: ఒక్క దీర్ఘమే తేడా. మొదటిది పిల్లలు, రెండోది దుష్కృతాలు. "చేసిన పాపలు పోతాయి" అని అచ్చయితే అర్థం భయంకరంగా మారుతుంది, అక్షరదోషాలు వెతికే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టదు, రెండూ సరైన మాటలే కాబట్టి. విభక్తుల్లోనూ ఇంతే: పాపకు (పిల్లకు), పాపానికి (దుష్కృతానికి).

విశేషణంగా వాడేటప్పుడు తెలుగు మాట ముందు "పాపపు": పాపపు పని, పాపపు సొమ్ము. కర్మధారయంలో ము పోయి పు వచ్చే పుంప్వాదేశ సంధి ఇది, సరసము, సరసపు మాట లాగే. సంస్కృత మాట ముందు "పాప" ఒక్కటే, కలిపి రాయాలి: పాపభీతి, పాపకార్యం, పాపభారం. "పాపపు భీతి" అని రాయడం, "పాప భీతి" అని విడగొట్టడం రెండూ కనిపిస్తుంటాయి. విడగొడితే పిల్ల భయం అయి కూర్చుంటుంది.

పాప, ఆత్మ కలిస్తే సవర్ణదీర్ఘం: పాపాత్ముడు, పాపాత్మురాలు. "పాపత్ముడు" తప్పు. సంస్కృతంలో "పాపిష్ఠ", ఒత్తు ఠ. తెలుగు వాడుకలో "పాపిష్టి" స్థిరపడింది: పాపిష్టి సొమ్ము, పాపిష్టి కళ్లు. వాడుక భాషలో టి రాయండి, గ్రాంథికంలో అయితే పాపిష్ఠుడు, పాపిష్ఠురాలు.

పొగాకు, మద్యం వంటి వాటిపై వేసే పన్నును ఇంగ్లీషు చూసి "పాపపు పన్ను" అని అనువదిస్తున్నారు. తెలుగులో అది పాపిష్టి పన్ను అన్నట్టు, పన్ను వేయడమే పాపమైనట్టు వినబడుతుంది. "హానికర వస్తువులపై పన్ను" అంటే సరిపోతుంది.

కామా విషయంలో నుడికారం గారి మాటకు చిన్న సవరణ. జాలి పాపం తర్వాత ప్రతిసారీ కామా అక్కర్లేదు. "పాపం వాడు", "పాపం ఆ ముసలాయన" అని వెంటనే మనిషి వస్తే కామా లేకుండానే చదువుకు హాయిగా ఉంటుంది. వెంటనే క్రియ వస్తే మాత్రం తప్పక పెట్టాలి. వాక్యం చివర వచ్చినప్పుడు ముందు కామా ఐచ్ఛికం: "రాలేదు పాపం", "రాలేదు, పాపం". "అయ్యో పాపం" మధ్యలో ఏమీ పెట్టకూడదు, అది ఒకే మాట కింద లెక్క. దాని తర్వాత క్రియ ఒక్కటే వచ్చినా అయోమయం రాదు, ఎందుకంటే అయ్యో ముందు నిలబడ్డాక అది చేసిన పాపం అయ్యే వీల్లేదు. పాఠంలో "పాపం, పోయింది" లాంటి వాక్యం తప్పనిసరైతే దాన్ని "అయ్యో పాపం, పోయింది" అని మార్చేయండి. కామా జారిపోయినా అర్థం జారదు.